యుద్ధం ముగిసిన తరువాత: సైనికుని మానసిక గాయం, కోలుకునే మార్గం

విషయక్రమం
9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 గాయానికి పేరు దొరికిన క్రమం
9.3 లక్షణాలు
9.4 జ్ఞాపకం ఎందుకు మానదు?
9.5 ఒక సైనికాధికారి జీవితం: రోమియో డాలేర్
9.6 కోలుకోవడంలో దశలు
9.7 చికిత్సా పద్ధతులు
9.8 కుటుంబం పాత్ర
9.9 మన దగ్గర లభించే సహాయం
9.10 సారాంశం
9.11 ముఖ్య పదాలు
9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

9.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• దాని లక్షణాలను నాలుగు వర్గాలుగా విభజించి వివరించగలుగుతారు.
• ఒక మాజీ సైనికాధికారి జీవితం ఆధారంగా కోలుకునే క్రమాన్ని విశ్లేషించగలుగుతారు.
• ముఖ్యమైన చికిత్సా పద్ధతులను, కుటుంబం పోషించవలసిన పాత్రను తెలుపగలుగుతారు.

9.1 పరిచయం

గత పాఠంలో ఒత్తిడి గురించి, దానిని మనిషి తట్టుకునే తీరుల గురించి తెలుసుకున్నారు. పరీక్షలు, అప్పులు, ఉద్యోగంలో చికాకులు వంటి ఒత్తిళ్లు కారణం తొలగిపోగానే చాలావరకు తగ్గిపోతాయి. కాని కొన్ని అనుభవాలు అలా కావు. సంఘటన ముగిసి ఏళ్లు గడిచినా అది ఇప్పుడే జరుగుతున్నట్లు శరీరమూ మనసూ స్పందిస్తూనే ఉంటాయి. దీనినే ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అంటారు. ఆంగ్లంలో పోస్ట్ ట్రామటిక్ స్ట్రెస్ డిజార్డర్, సంక్షిప్తంగా పి.టి.ఎస్.డి. అని వ్యవహరిస్తారు. స్ట్రెస్ అనే పదానికి మన మనోవిజ్ఞాన గ్రంథాలలో ‘ప్రతిబలం’ అనే పారిభాషిక పదం కనిపిస్తుంది. ఈ పాఠంలో మాత్రం అందరికీ తెలిసిన ‘ఒత్తిడి’ అనే మాటనే వాడుతున్నాం.

ఈ రుగ్మత సైనికులకు మాత్రమే పరిమితం కాదు. రోడ్డు ప్రమాదం, లైంగిక దాడి, తుఫాను, అగ్నిప్రమాదం వంటి వాటిని ఎదుర్కొన్న ఎవరికైనా రావచ్చు. అయితే దీనిని గురించిన మన అవగాహనలో పెద్ద భాగం యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల వల్లనే ఏర్పడింది. అందువల్ల ఈ పాఠంలో సైనికుని అనుభవాన్ని ప్రధానంగా తీసుకుంటున్నాం.

దూరవిద్య ద్వారా చదువుతున్న మీలో కొందరు స్వయంగా మాజీ సైనికులో, పోలీసు ఉద్యోగులో, వారి కుటుంబ సభ్యులో అయి ఉండవచ్చు. అటువంటివారు ఈ పాఠాన్ని ఒకే విడతలో చదవవలసిన అవసరం లేదు. ఏ భాగమైనా మనసుకు భారంగా అనిపిస్తే ఆపి, తరువాత కొనసాగించండి.

బాధపడుతున్న మనిషికి మనం సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: “జరిగిందేదో జరిగింది, మరిచిపో.” ప్రేమతోనే ఆ మాట అంటాం. కాని మరిచిపోవడమే కోలుకోవడమా? ఈ పాఠం అంతటా ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకుని చదవండి.

9.2 గాయానికి పేరు దొరికిన క్రమం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల మధ్య నెలల తరబడి కందకాలలో గడిపిన సైనికులలో కొందరికి మాట పడిపోయింది. కొందరికి చేతులు వణికేవి, కొందరికి నడక రాలేదు. శరీరంపై గాయం మాత్రం కనిపించేది కాదు. బ్రిటిష్ మనోవిజ్ఞానవేత్త చార్లెస్ మైయర్స్ 1915లో ఒక వైద్య పత్రికలో ఈ స్థితిని ‘షెల్ షాక్’ అనే పేరుతో వర్ణించాడు. గుండు పేలుడు వల్ల మెదడు అదిరి ఇలా జరుగుతున్నదని మొదట భావించారు. అయితే పేలుడుకు దూరంగా ఉన్నవారిలో కూడా ఇవే లక్షణాలు కనిపించాయి. దానితో ఆ పేరు సరిపోదని మైయర్స్ స్వయంగా గుర్తించాడు.

ఆ కాలంలో ఈ స్థితిని పిరికితనంగా భావించినవారు ఎక్కువ. యుద్ధకాలంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన వారిలో 306 మందికి 2006లో, అంటే దాదాపు 90 ఏళ్ల తరువాత, బ్రిటిష్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. వారిలో కొందరు మానసిక గాయంతో బాధపడుతున్నవారే అయి ఉంటారని నేడు అంగీకరిస్తున్నారు. పేరు లేని గాయాన్ని సమాజం ఎలా శిక్షిస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అదే యుద్ధకాలంలో స్కాట్లండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక వైద్యశాలలో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడు వేరొక దారి పట్టాడు. ఈయన అంతకు ముందు మన నీలగిరి కొండలలోని తోడా గిరిజనుల జీవితాన్ని పరిశీలించి 1906లో గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త కూడా. తన వద్దకు వచ్చిన అధికారులలో చాలామందికి బంధువులు, వైద్యులు “యుద్ధం సంగతి తలచుకోవద్దు” అని సలహా ఇచ్చినట్లు రివర్స్ గమనించాడు. పగలంతా జ్ఞాపకాలను బలవంతంగా అణచిపెట్టినవారికి రాత్రుళ్లు పీడకలలు మరింత తీవ్రంగా వచ్చేవి. ఆ జ్ఞాపకాలను వైద్యుని సమక్షంలో నెమ్మదిగా ఎదుర్కొన్నవారిలో చాలామందికి ఉపశమనం కలిగింది. యుద్ధానుభవాన్ని అణచివేయడం వల్ల కలిగే హానిని గురించి ఆయన 1917లో చేసిన ప్రసంగం నేటికీ పేర్కొనదగినది.

తరువాతి పెద్ద మలుపు వియత్నాం యుద్ధం. 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లో అమెరికన్ మాజీ సైనికులు చిన్న బృందాలుగా కూర్చుని తమ అనుభవాలను ఒకరితో ఒకరు పంచుకోసాగారు. రాబర్ట్ లిఫ్టన్, ఛైమ్ షాటన్ అనే మనోవైద్యులు వారికి తోడుగా నిలిచారు. ఈ బృందాల ఒత్తిడి, పరిశోధకుల కృషి ఫలితంగా అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో ప్రచురించిన రోగనిర్ధారణ సంచిక మూడవ కూర్పులో పి.టి.ఎస్.డి. అనే పేరు మొదటిసారి చేరింది. లోపం బాధితుని స్వభావంలో ఉందనే భావన స్థానంలో, కారణం అతను ఎదుర్కొన్న సంఘటనలో ఉందనే భావన అధికారికంగా స్థిరపడింది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
(అ) ‘షెల్ షాక్’ అనే పేరు ఎందుకు సరిపోలేదు?
(ఆ) రివర్స్ తన రోగులలో గమనించిన ముఖ్య విషయం ఏమిటి?

9.3 లక్షణాలు

ప్రాణాపాయం, తీవ్రమైన గాయం, లైంగిక హింస వంటి సంఘటనను స్వయంగా అనుభవించడం గాని, కళ్లారా చూడడం గాని జరిగిన తరువాత ఈ కింది నాలుగు వర్గాల లక్షణాలు ఒక నెలకు మించి కొనసాగి, రోజువారీ జీవితానికి ఆటంకం కలిగించినప్పుడు వైద్యులు పి.టి.ఎస్.డి.గా నిర్ధారిస్తారు.

1. చొరబడే జ్ఞాపకాలు: పిలవకుండానే దృశ్యాలు, శబ్దాలు, వాసనలు మనసులోకి వస్తాయి. పీడకలలు వస్తాయి. ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే మాట సినిమాల ద్వారా మనకు పరిచితమే. సినిమాలో ప్రేక్షకునికి అది గతమని తెలుసు. ఈ రుగ్మతలో మాత్రం ఆ వ్యక్తికి అది గతంగా తోచదు, ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నట్లు ఉంటుంది.

2. తప్పించుకోవడం: సంఘటనను గుర్తుచేసే చోట్లకు, మనుషులకు, మాటలకు దూరంగా ఉంటారు. గుంపులకు, పెళ్లిళ్లకు, జాతరలకు వెళ్లడం మానేస్తారు.

3. ఆలోచనలలో, భావాలలో ప్రతికూల మార్పు: “తప్పు నాదే”, “ఎవరినీ నమ్మలేం” వంటి ఆలోచనలు స్థిరపడతాయి. సంతోషం, ఆప్యాయత అనుభవంలోకి రావు. సొంత పిల్లలు దగ్గరకు వచ్చినా మనసు మొద్దుబారినట్లు ఉంటుంది.

4. అతి జాగరూకత: చిన్న శబ్దానికి ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం, పట్టరాని కోపం, ఎప్పుడూ కాపలా కాస్తున్నట్లు ఉండడం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. యుద్ధరంగంలో నాలుగవ వర్గపు ప్రవర్తన సైనికుని ప్రాణం కాపాడుతుంది. శబ్దం వినగానే నేలకు ఒరిగినవాడే బతుకుతాడు. ఇంటికి వచ్చిన తరువాత కూడా శరీరం అదే పాఠాన్ని పాటించడమే సమస్య.

యుద్ధంలో పాల్గొన్న ప్రతివారికీ ఈ రుగ్మత వస్తుందని భావించకూడదు. 1980లలో అమెరికా చేయించిన జాతీయ అధ్యయనం ప్రకారం వియత్నాం రంగంలో పనిచేసిన పురుషులలో సుమారు 31 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పి.టి.ఎస్.డి.కి లోనయ్యారు. అధ్యయనం జరిగేనాటికి ఆ రుగ్మత ఉన్నవారు సుమారు 15 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూడండి. ఎక్కువమందికి రుగ్మత రాలేదు. వచ్చినవారిలో సుమారు సగం మంది అప్పటికి దాని నుంచి బయటపడ్డారు. మిగిలిన సగం మందిని యుద్ధం ముగిసిన పదేళ్ల తరువాత కూడా అది వదలలేదు.

9.4 జ్ఞాపకం ఎందుకు మానదు?

మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగట్టే కాపలాదారు వంటిది. హిప్పోక్యాంపస్ అనే భాగం ఒక సంఘటన ఎప్పుడు, ఎక్కడ జరిగిందో వివరాలు జోడించి జ్ఞాపకంగా భద్రపరుస్తుంది. నుదుటి వెనుక ఉండే ముందరి మెదడు భాగం “ఇప్పుడు ప్రమాదం లేదు” అని కాపలాదారును శాంతింపజేస్తుంది.

తీవ్రమైన ఆఘాత సమయంలో కాపలాదారు అతిగా పనిచేస్తుంది. వాసన, శబ్దం, భయం బలంగా ముద్రపడతాయి. కాని “ఇది ఫలానా రోజున మొదలై ఫలానా రోజున ముగిసింది” అనే కాలక్రమం బలహీనంగా ఉంటుంది. ముగింపు లేని కథలా ఆ జ్ఞాపకం మిగిలిపోతుంది. దానిని గుర్తుచేసే చిన్న సూచన ఎదురైనా శరీరం మొత్తం మళ్లీ యుద్ధరంగంలోకి వెళ్లిపోతుంది.

తప్పించుకుని తిరగడం వల్ల తాత్కాలికంగా ఊరట లభిస్తుంది. అందుకే ఆ అలవాటు బలపడుతుంది. కాని ఆ జ్ఞాపకం గతానికి చెందినదని మెదడు నేర్చుకునే అవకాశం మాత్రం ప్రతిసారీ చేజారిపోతుంది. రివర్స్ నూరేళ్ల క్రితం గమనించినదానికి వివరణ ఇదే.

9.5 ఒక సైనికాధికారి జీవితం: రోమియో డాలేర్

ఇంతవరకు చెప్పుకున్న విషయాలను ఒక నిజ జీవితంలో పరిశీలిద్దాం. రోమియో డాలేర్ కెనడా సైన్యాధికారి. తన రుగ్మత గురించి బహిరంగంగా మాట్లాడిన, రాసిన ఉన్నతాధికారులలో ప్రముఖుడు.

9.5.1 రువాండా, 1993–94

మధ్య ఆఫ్రికాలోని చిన్న దేశం రువాండా. అక్కడ ప్రభుత్వానికి, తిరుగుబాటుదళానికి మధ్య కుదిరిన శాంతి ఒప్పందం అమలును పర్యవేక్షించడానికి ఐక్యరాజ్యసమితి పంపిన దళానికి డాలేర్ 1993 అక్టోబరులో నాయకుడిగా వెళ్లాడు. టుట్సీ తెగవారిని చంపడానికి ఆయుధాలు పోగుచేస్తున్నారని ఒక వేగు ద్వారా తెలిసి, 1994 జనవరి 11న న్యూయార్క్‌లోని ప్రధాన కార్యాలయానికి తంతి పంపాడు. ఆ ఆయుధాలను స్వాధీనం చేసుకుంటానన్నాడు. అనుమతి రాలేదు.

ఏప్రిల్ 6న రువాండా అధ్యక్షుని విమానం కూల్చివేతకు గురైంది. మారణహోమం మొదలైంది. మరుసటి రోజు డాలేర్ దళంలోని 10 మంది బెల్జియం సైనికులు హత్యకు గురయ్యారు. బెల్జియం తన సైనికులను వెనక్కు పిలిపించుకుంది. సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి తగ్గించాలని భద్రతామండలి ఏప్రిల్ 21న తీర్మానించింది. డాలేర్ అంతకన్నా కొంత ఎక్కువమందిని తన వద్ద నిలుపుకుని, కొన్ని వేల ప్రాణాలను కాపాడగలిగాడు. కాని దాదాపు 100 రోజులలో సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. వారిలో అత్యధికులు టుట్సీలు. ఆగస్టులో ఆయన రువాండా విడిచి వచ్చాడు.

ఈ అనుభవంలో భయం ఒక్కటే లేదని గమనించండి. చేయగలిగినది తెలిసి, చేయనివ్వని స్థితిలో నిలబడి చూడవలసి రావడం ఇందులో ఉంది. మనసులోని ధర్మభావం దెబ్బతినడాన్ని ‘నైతిక గాయం’ అంటారు. వియత్నాం మాజీ సైనికులకు చికిత్స చేసిన అమెరికన్ మనోవైద్యుడు జొనాథన్ షే ఈ భావనకు ప్రాచుర్యం కల్పించాడు. భయం వల్ల కలిగిన గాయం “నేను ఇంకా ప్రమాదంలో ఉన్నాను” అంటుంది. నైతిక గాయం “నేను కాపాడలేకపోయాను” అంటుంది. రెండింటికీ చికిత్స ఒకేలా ఉండదు.

9.5.2 ఇంటికి వచ్చిన తరువాత

కెనడాకు తిరిగివచ్చిన డాలేర్ పనిలో మునిగిపోయాడు. పెద్ద పదవులు వచ్చాయి. తీరికలేని పని కూడా తప్పించుకోవడంలో ఒక రూపమే. పైకి కార్యదక్షతగా కనిపించడం వల్ల ఇంట్లోవారు, తోటి ఉద్యోగులు దానిని లక్షణంగా గుర్తించలేరు. 1998లో టాంజానియాలోని అరుషాలో అంతర్జాతీయ న్యాయస్థానం ముందు ఆయన సాక్ష్యం చెప్పాడు. అణచిపెట్టినవన్నీ ఆ సాక్ష్యంతో మళ్లీ కళ్లముందు నిలిచాయి. ఆత్మహత్యకు ఒకటికి మించిన సార్లు ప్రయత్నించినట్లు తరువాత ఆయనే వెల్లడించాడు.

2000 ఏప్రిల్‌లో వైద్య కారణాలపై లెఫ్టినెంట్ జనరల్ హోదాలో పదవీ విరమణ చేశాడు. ఆ జూన్‌లో ఒట్టావా నదికి ఆవలి ఒడ్డున ఉన్న హల్ పట్టణంలో, ఒక పార్కులో స్పృహ లేని స్థితిలో కనిపించాడు. మందులమీద మద్యం తాగి ఉన్నాడు. పత్రికలలో ఆ వార్త వచ్చింది. ఆయన దానిని దాచుకోలేదు. తన స్థితిని వివరిస్తూ కెనడా జాతీయ రేడియోకు లేఖ రాశాడు.

9.5.3 మలుపు

ఆ తరువాతి జీవితంలో మూడు విషయాలు ముఖ్యమైనవి.

మొదటిది చికిత్స. మందులు, మానసిక చికిత్స రెండూ ఆయన దీర్ఘకాలం కొనసాగించాడు.

రెండవది చెప్పడం. రువాండా అనుభవాన్ని మొదటి నుంచి చివరి వరకు క్రమంగా రాసి 2003లో పుస్తకంగా ప్రచురించాడు. దానికి 2004లో కెనడా గవర్నర్ జనరల్ పురస్కారం లభించింది. అదే ఏడాది, మారణహోమానికి పదేళ్లు నిండిన సందర్భంగా రువాండాకు తిరిగి వెళ్లాడు. తప్పించుకు తిరిగిన జ్ఞాపకానికి ఎదురుగా, తోడుతో, తన ఇష్టపూర్వకంగా వెళ్లడం ఇది.

మూడవది ప్రయోజనం. 2005 నుంచి 2014 వరకు కెనడా సెనేట్ సభ్యుడిగా ఉన్నాడు. పిల్లలను సైనికులుగా వాడుకోవడాన్ని ఆపడానికి 2007లో ఒక సంస్థను స్థాపించాడు. “నేను కాపాడలేకపోయాను” అనే భావం చెరిగిపోలేదు. దాని పక్కన “ఇప్పుడు చేయగలిగినది చేస్తున్నాను” అనే మరో వాక్యం వచ్చి చేరింది.

ఆయన కథను ఇక్కడితో ఆపితే అది సగం నిజమే అవుతుంది. 2013 డిసెంబరులో ఆయన కారు నడుపుతూ నిద్రలోకి జారుకుని పార్లమెంటు ఆవరణలో ప్రమాదానికి గురయ్యాడు. ఆ రోజులలో కొందరు కెనడా సైనికుల ఆత్మహత్యలు, సమీపిస్తున్న రువాండా ఇరవయ్యేళ్ల స్మృతిదినం తనకు నిద్ర లేకుండా చేశాయని సహ సభ్యులకు వివరించాడు. 2016లో వెలువడిన తన మరో పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలో కూడా పి.టి.ఎస్.డి.తో తన పోరాటం ‘కొనసాగుతున్నది’ అనే అన్నాడు. రువాండా నుంచి వచ్చి అప్పటికి 22 ఏళ్లు.

మరి ఆయన కోలుకున్నట్లా, కానట్లా? కోలుకోవడం అంటే లక్షణాలు మళ్లీ ఎన్నడూ రాకపోవడం అని నిర్వచిస్తే కోలుకోలేదు. జ్ఞాపకం ఉన్నా దాని చేతిలో జీవితం ఉండకపోవడం, అది తిరగబెట్టినప్పుడు గుర్తించి సహాయం కోరగలగడం, మనుషులతో, పనితో బంధం నిలుపుకోగలగడం అని నిర్వచిస్తే కోలుకున్నాడు. ఈ పాఠం రెండవ నిర్వచనాన్నే అనుసరిస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
(అ) నైతిక గాయానికి, భయం వల్ల కలిగిన గాయానికి భేదం ఏమిటి?
(ఆ) డాలేర్ విషయంలో అధిక పనిని ‘తప్పించుకోవడం’గా ఎందుకు పరిగణించాలి?

9.6 కోలుకోవడంలో దశలు

అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో కోలుకోవడాన్ని మూడు దశలుగా వివరించింది.

మొదటి దశ – భద్రత: నిద్ర, ఆహారం, మద్యానికి దూరం, హాని చేసుకునే ఆలోచనలకు అడ్డుకట్ట, నమ్మకమైన మనిషి. ఇల్లు కట్టేవారు ముందు పునాది చూసుకున్నట్లే, ఇది ఏర్పడకుండా తరువాతి దశకు పోకూడదు.

రెండవ దశ – స్మరణ, దుఃఖం: జరిగినదానిని తోడు ఉన్నవారి సమక్షంలో, తట్టుకోగలిగినంత మేరకు చెప్పడం. పోగొట్టుకున్నవారికోసం దుఃఖించడం. మన ఇళ్లలో చావు జరిగినప్పుడు వచ్చినవారందరికీ ఇంటివారు జరిగిందంతా మళ్లీ మళ్లీ చెప్పుకుంటారు. ప్రతిసారీ దుఃఖం పొంగినా చెప్పగా చెప్పగా అది ఒక కథగా కుదురుకుంటుంది. సహచరుని శవాన్ని వదిలి ముందుకు నడవవలసిన సైనికునికి ఆ అవకాశం దొరకదు.

మూడవ దశ – తిరిగి కలవడం: కుటుంబంతో, ఊరితో, పనితో కొత్తగా బంధం ఏర్పరచుకోవడం.

ఈ దశలు మెట్లలా ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే సాగవు. డాలేర్ జీవితంలో చూసినట్లు, మూడవ దశలో ఉన్న వ్యక్తికి కూడా మొదటి దశకు తిరిగి వచ్చి నిద్రను, భద్రతను సరిచూసుకోవలసిన రోజులు వస్తాయి. దానిని ఓటమిగా భావించకూడదు.

9.7 చికిత్సా పద్ధతులు

(అ) దీర్ఘకాలిక ఎదుర్కోలు చికిత్స: ఎడ్నా ఫోవా రూపొందించినది. సుమారు 8 నుంచి 15 వారాలపాటు, వారానికొకసారి గంటన్నర వరకు సాగుతుంది. జ్ఞాపకాన్ని మొదటి నుంచి చివరి వరకు చికిత్సకుని ముందు పదేపదే చెప్పిస్తారు. ప్రమాదం లేకపోయినా తప్పించుకుంటున్న చోట్లకు క్రమంగా వెళ్లేలా సాధన చేయిస్తారు.

(ఆ) ఆలోచనలను పరిశీలించే చికిత్స: పెట్రీషియా రెసిక్ రూపొందించినది. సాధారణంగా 12 సమావేశాలు ఉంటాయి. “తప్పంతా నాదే” వంటి స్థిరపడిన నమ్మకాలను సాక్ష్యాధారాలతో పరిశీలించడం నేర్పిస్తారు. ఆ క్షణంలో తనకు ఏమి తెలుసు, ఎంత అధికారం ఉంది, ఎంత సమయం ఉంది అని బాధితుడే లెక్కవేసుకుంటాడు. అపరాధభావం ఎక్కువగా ఉన్నవారికి ఇది ఉపయోగకరం.

(ఇ) ఇ.ఎం.డి.ఆర్.: ఫ్రాన్సిన్ షపీరో 1980ల చివరలో ప్రతిపాదించినది. జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని, చికిత్సకుని చేతి కదలికలను కళ్లతో అనుసరిస్తారు.

(ఈ) మందులు: సెర్ట్రలిన్, పారాక్సిటిన్ వంటి మందులు లక్షణాల తీవ్రతను తగ్గిస్తాయి. వైద్యుని సలహా లేకుండా మొదలుపెట్టకూడదు, మధ్యలో ఆపకూడదు. మద్యం నిద్ర తెప్పించినట్లు అనిపించినా నిద్ర నాణ్యతను చెడగొట్టి లక్షణాలను పెంచుతుంది.

(ఉ) సహచరుల తోడు: డాలేర్‌తో పాటు రువాండాలో పనిచేసిన స్టెఫాన్ గ్రెనియే అనే అధికారి చొరవతో 2001లో కెనడాలో మాజీ సైనికులే మాజీ సైనికులకు తోడుగా నిలిచే కార్యక్రమం ఆరంభమైంది. ‘రుగ్మత’ అనే మాటకు బదులు ‘విధి నిర్వహణలో కలిగిన ఒత్తిడి గాయం’ అనే మాటను గ్రెనియే ప్రచారంలోకి తెచ్చాడు. కాలు విరిగిన సైనికుడు వైద్యశాలకు వెళ్లడానికి సిగ్గుపడడు. ఇదీ గాయమే అంటే ఇక్కడా సిగ్గు తగ్గుతుంది. తోడు నిలిచే సహచరుడు వైద్యుడు కాడు. కాని తలుపు తట్టని మనిషిని వైద్యుని తలుపు వరకు తీసుకువెళ్లగలడు.

ఒక హెచ్చరిక. చెప్పుకోవడం మేలు చేస్తుందన్నాం కదా అని, సంఘటన జరిగిన వెంటనే బలవంతంగా అంతా చెప్పించకూడదు. అటువంటి ఒక్కసారి విచారణ వల్ల రుగ్మత నివారణ కాదని, కొందరికి హాని కూడా జరగవచ్చని పరిశోధనలు తేల్చాయి. తొలి రోజులలో కావలసినవి భద్రత, విశ్రాంతి, అయినవారి సామీప్యం.

9.8 కుటుంబం పాత్ర

ఊహించుకున్న ఒక ఉదాహరణ తీసుకుందాం. హవల్దారుగా పదవీ విరమణ చేసి సొంత ఊరు చేరిన ఒకాయన దీపావళి రాత్రి తలుపులు వేసుకుని లోపలే ఉంటాడు. మనవడు టపాకాయ కాల్చగానే పెద్దగా అరిచాడు. పిల్లవాడు ఏడ్చాడు. “మిలిటరీలో పనిచేసి టపాకాయలకు భయమేమిటి?” అని బంధువులు నవ్వారు. ఆ మాటతో ఆయన మరుసటి ఏడాది పండుగకు ఇంట్లోనే ఉండడు.

అదే ఇంట్లో మరోలా జరగవచ్చు. పండుగకు ముందే భార్య, “ఏమండీ, ఆ రాత్రి మనిద్దరం మా అక్కయ్య వాళ్ల పొలం దగ్గర ఉందామా?” అని అడగవచ్చు. ఉలిక్కిపడినప్పుడు కొడుకు దూరం నుంచే, మెల్లగా, “నాన్నా, ఇది మన ఇల్లే. నేను మీ పక్కనే ఉన్నాను” అనవచ్చు. పీడకలలో ఉన్నవారిని కుదిపి లేపడం మంచిది కాదు, పేరుపెట్టి గాని వరుసపెట్టి గాని పిలవాలి. మనవడికి, “తాతయ్యకు శబ్దాలు పడవు, నీ మీద కోపం కాదు” అని చెబితే పిల్లవాడు తనను తాను నిందించుకోడు.

పొలం దగ్గరకు వెళ్లిపోవడం కూడా తప్పించుకోవడమే కదా అని మీకు సందేహం రావచ్చు. నిజమే. అది మొదటి దశకు, అంటే భద్రతకు తగిన ఏర్పాటు. చికిత్స సాగుతున్నకొద్దీ మరుసటి ఏడాది ఇంట్లోనే, ఆ తరువాత వాకిట్లోనే కూర్చోవడం లక్ష్యం కావచ్చు. ఎంత వేగంగా అన్నది ఆయన, చికిత్సకుడు కలిసి నిర్ణయించుకోవాలి.

“మరిచిపో” అనే బదులు “ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు, వింటాను” అనడం మేలు. చెప్పినప్పుడు తీర్పు ఇవ్వకుండా వినాలి. ఇవన్నీ మోసే భార్యకు, పిల్లలకు కూడా అలసట ఉంటుంది. వారికీ సలహా, విశ్రాంతి అవసరం. గృహహింసను మాత్రం రుగ్మత పేరుతో భరించవలసిన పని లేదు. భద్రత అనే మొదటి దశ ఇంట్లో అందరికీ వర్తిస్తుంది.

9.9 మన దగ్గర లభించే సహాయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో సైన్యంలో పనిచేసి వచ్చినవారున్న గ్రామాలు అనేకం. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. అటువంటి చోట్ల ఈ కింది వివరాలు తెలిసి ఉండడం అవసరం.

• టెలి మానస్: 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు.
• ఇ.సి.హెచ్.ఎస్.: పెన్షన్ పొందే మాజీ సైనికులకు, వారిపై ఆధారపడినవారికి 2003 నుంచి అమలులో ఉన్న వైద్య పథకం.
• సైనిక సంక్షేమ కార్యాలయాలు: జిల్లా స్థాయిలో మాజీ సైనికుల సమస్యలు చూసే కార్యాలయాలు. ఎవరిని కలవాలో తెలియనప్పుడు ఇక్కడ అడగవచ్చు.
• మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017: మానసిక చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలని, శిక్షించరాదని చెబుతున్నది.

ఎవరైనా చనిపోవాలని ఉందని అంటే దానిని బెదిరింపుగానో మాటవరసగానో కొట్టిపారేయకూడదు. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం అందేలా చూడాలి.

9.10 సారాంశం

యుద్ధం వల్ల కలిగే మానసిక గాయాన్ని ఒకప్పుడు పిరికితనంగా భావించి శిక్షించారు. షెల్ షాక్ నుంచి 1980లో పి.టి.ఎస్.డి. అనే పేరు స్థిరపడేవరకు సాగిన మార్పులో మాజీ సైనికుల సొంత కృషి ప్రధానమైనది. చొరబడే జ్ఞాపకాలు, తప్పించుకోవడం, ప్రతికూల ఆలోచనలు, అతి జాగరూకత దీని లక్షణాలు. జ్ఞాపకాన్ని అణచిపెట్టడం వల్ల అది గతంగా మారదు. భద్రమైన వాతావరణంలో, తోడుతో, తగిన వేగంతో దానిని ఎదుర్కోవడం వల్ల మారుతుంది. రోమియో డాలేర్ రువాండాను మరిచిపోలేదు. దానిని చెప్పడం, చికిత్స పొందడం, ఇతరులకు ఉపయోగపడడం నేర్చుకున్నాడు, మధ్యమధ్య తడబడ్డాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు. పాఠం ఆరంభంలో వేసుకున్న ప్రశ్నకు ఇదే సమాధానం: మరిచిపోవడం కోలుకోవడం కాదు, గుర్తున్నా బతకగలగడం కోలుకోవడం.

9.11 ముఖ్య పదాలు

ఆఘాతం: ప్రాణానికి, శరీరానికి ముప్పు కలిగించే సంఘటన మనసుపై వేసే తీవ్రమైన దెబ్బ.
ఫ్లాష్‌బ్యాక్: గత సంఘటన ఇప్పుడే జరుగుతున్నట్లు అనుభవంలోకి రావడం.
అతి జాగరూకత: ప్రమాదం లేనప్పుడు కూడా నిరంతరం అప్రమత్తంగా ఉండడం.
నైతిక గాయం: తన ధర్మభావానికి విరుద్ధమైనది చేయడం, చూడడం లేదా ఆపలేకపోవడం వల్ల కలిగే గాయం.

9.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. యుద్ధానంతర మానసిక గాయం గురించిన అవగాహన మొదటి ప్రపంచ యుద్ధం నుంచి 1980 వరకు ఎలా మారింది?
2. జుడిత్ హెర్మన్ చెప్పిన మూడు దశలను రోమియో డాలేర్ జీవితానికి అన్వయించి చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పి.టి.ఎస్.డి. లక్షణాలను వర్గీకరించండి.
2. సహచరుల తోడు వైద్య చికిత్సకు ఎలా సహకరిస్తుంది?
3. మీకు తెలిసిన ఒక కుటుంబాన్ని దృష్టిలో ఉంచుకుని, పేర్లు వెల్లడించకుండా, బాధితునికి కుటుంబం ఇవ్వగల తోడ్పాటును వివరించండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – జవాబులు
1. (అ) పేలుడుకు దూరంగా ఉన్నవారిలో కూడా అవే లక్షణాలు కనిపించడం వల్ల.
(ఆ) జ్ఞాపకాలను బలవంతంగా అణచిపెట్టినవారిలో పీడకలలు తీవ్రం కావడం.
2. (అ) మొదటిది తాను కాపాడలేకపోయాననే బాధకు, రెండవది తాను ఇంకా ప్రమాదంలో ఉన్నాననే భావానికి సంబంధించినది.
(ఆ) తీరిక దొరికితే జ్ఞాపకాలు వస్తాయి కనుక, పని వాటిని ఎదుర్కోకుండా ఉండే మార్గంగా మారడం వల్ల.